ఉంగరపు వేలు వాయించిన కోట

9 జనవరి 1991, బుధవారం. రియాద్.

ఆసుపత్రి వాళ్ళు ఈరోజు గ్యాస్ మాస్కులు పంచారు. ఉద్యోగికి ఒకటి. భార్యకి లేదట. స్టోర్స్‌లో కూర్చున్న పెద్దమనిషితో అరగంట వాదించాను. కాగితంలో నీ పేరే ఉంది, నీ భార్య పేరు లేదు అంటాడు. విషవాయువు కాగితం చూసి లోపలికి వస్తుందా అని అడిగాను. నవ్వాడు గానీ మాస్కు ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి పడకగదికి సీలు వేయడం మొదలుపెట్టాను. కిటికీకి రెండు వరసల ప్లాస్టిక్, అంచుల వెంబడి ప్యాకింగ్ టేపు, ఏసీ కంతకి అట్ట, అట్ట మీద మళ్ళీ టేపు. పక్క ఫ్లాట్ల వాళ్ళు ఏదో మొక్కుబడిగా అంటించుకున్నారు. నా వల్ల కాదు అలా. జనరేటర్ల గదిలో ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నవాణ్ణి, సందు అంటే ఏమిటో నాకు తెలుసు. ప్రసూన గుమ్మంలో నిలబడి చూసి, "చీమ కూడా దూరదు కదండీ" అంది. మెచ్చుకుందనే అనుకున్నాను.

మాస్కు నువ్వు పెట్టుకో, నాకు ఆసుపత్రి బేస్‌మెంటు ఉంది అన్నాను. "మీ ముక్కుకి కొలిచిచ్చింది నాకేం పడుతుంది" అని నవ్వేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా ముక్కు ప్రస్తావన రాని రోజు లేదు.

12 జనవరి, శనివారం

ప్రసూన ఉంగరపు వేలి గోరు పెంచుతోంది. నెల్లూరులో వీణ నేర్పిన మాస్టారు చూస్తే వీణ లాక్కుని ఇంటికి పంపేసేవాడట. వీణ మీటడానికి చూపుడు వేలు, మధ్య వేలు. పక్కనుండే తాళం తీగలకి చిటికెన వేలు. ఉంగరపు వేలికి ఏ పనీ లేదు. ఇరవై ఏళ్ళ పైబడి ఊరికే కూర్చున్న వేలికి ఇప్పుడు చాకిరీ నేర్పిస్తోంది ఈవిడ.

అంతా ఆ క్యాసెట్ వల్ల. ఆగస్టులో కువైట్ ఇరాక్ చేతికి పోయిన వారం, కింది వాటా లెబనాన్ ఆవిడ సామాను సర్దుకుని వెళ్ళిపోతూ చేతిలో పెట్టిపోయింది. స్పెయిన్‌లో గ్రనడా అనే ఊళ్ళో, కొండ మీద, ఎన్నో వందల ఏళ్ళ కిందట అరబ్బు రాజులు కట్టిన కోట ఉందట. ఆ కోట మీద ఎవరో కట్టిన గిటారు బాణీ. కట్టినవాడి పేరు లేబుల్ మీద చెరిగిపోయింది. కోట లోపలంతా కాలువలు, తొట్లు, చిమ్మే నీళ్ళట. గిటారు వాయించేవాడు ఒక్కో స్వరాన్నీ మూడు వేళ్ళతో ఆపకుండా మీటుతుంటే వినేవాళ్ళకి ధార తెగినట్టు ఉండదు. రెండు వేళ్ళతో ఆ ధార రాదు. అందుకని మూడో వేలు.

"వకుళాభరణంలా మొదలవుతుందండీ. మధ్యలో దారి తప్పి యాడికో పోతుంది. నాకు అందడం లేదు" అంది.

"రాగం సంగతి దాని ఇష్టానికి వదిలెయ్. యుద్ధం వచ్చేట్టుంది, నువ్వు నెల్లూరు పో."

"మీరొస్తే వస్తా."

నాకు సెలవు లేదు. జనరేటర్ల వాళ్ళెవరికీ లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. వీణ తీగల కింద చేతిరుమాలు దోపి, చప్పుడు వీధిలోకి పోకుండా, మళ్ళీ మొదలుపెట్టింది. నాకు సంగీతం రాదు. గడియారం పెట్టుకుని కూర్చుంటే క్యాసెట్ మీద ఆ బాణీ ఎంతసేపు నడుస్తుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో మాత్రం చెప్పగలను. అది చెబితే, "చాల్లెండి, మీటరు రీడింగు" అంటుంది.

17 జనవరి, గురువారం

మొదలైంది.

21 జనవరి, సోమవారం

నిన్న మొదటిసారి సైరన్ రియాద్ మీద మోగింది. ఇద్దరం గదిలోకి పరుగెత్తాం. సైరన్ మోగగానే ఏసీ, హీటరు, అన్నీ ఆపేయమని రేడియోలో చెప్పారు, అన్నీ ఆపాను. చలికి పళ్ళు టకటకలాడాయి. తలుపు కింద తడి తువ్వాలు పెట్టాను. మాస్కు కాసేపు ఆమె, కాసేపు నేను. ఆమె పెట్టుకుంటే కళ్ళ దగ్గర సందు. నిజంగానే నా ముక్కుకే కొలిచారు.

"గ్రనడా రాజులు కూడా చుట్టూ శత్రువులు మోహరించినప్పుడు ఇట్లాగే కూర్చుని ఉంటారా అండీ" అని అడిగింది. వాళ్ళకి ప్యాకింగ్ టేపు లేదు అన్నాను. చాలాసేపు నవ్వింది. యుద్ధం సైరన్ కింద అంత నవ్వు నవ్వే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

24 జనవరి, గురువారం

రేపు శుక్రవారం కూడా డ్యూటీ వేశారు, రాత్రికీ అక్కడే ఉండాలి. ప్రసూనకి ఒకటికి పదిసార్లు చెప్పాను. సైరన్ మోగితే గదిలోకి వెళ్ళు. తలుపు కింద తడి తువ్వాలు పెట్టు. హీటరు వేయకు. మాస్కు నీకు పట్టదు, కాబట్టి ప్రమాదం తప్పిందనే సైరన్ మోగినా తొందరపడి బయటికి రాకు, నేను ఫోన్ చేసి చెప్పాకే తలుపు తియ్యి. గదిలో ఫోన్ పక్కనే పెట్టాను.

"అట్లాగే స్వామీ" అంది.

2 ఫిబ్రవరి, శనివారం

రాయాలని కూర్చుంటే చెయ్యి సాగడం లేదు. ప్రసూన మా ఆసుపత్రిలోనే ఉంది, మూడో అంతస్తులో. నేను కింద నడిపే కరెంటుతోనే పైన ఆమె ఊపిరి మిషను నడుస్తోంది.

యుద్ధమైనా ఆ శుక్రవారం తలంటి మానలేదు. ఆ జుట్టు ఈ చలికి ఆరదు. సాంబ్రాణి కుంపటి మీద ఆరబెట్టుకుంటుంది, పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. సైరన్ మోగింది. తల ఇంకా తడిగా ఉంది, హీటరు వేయొద్దన్నాను. కుంపటి తీసుకుని ఆ గదిలోకి వెళ్ళింది. తడి తువ్వాలు పెట్టింది. చెప్పినవన్నీ చేసింది.

మర్నాడు పొద్దున పై ఫ్లాట్ స్వర్ణ, వాళ్ళాయన తలుపు పగలగొట్టారు. బొగ్గుల గాలి అన్నారు డాక్టర్లు. దానికి వాసన ఉండదట. సాంబ్రాణి వాసన మాత్రం ఇంకా గదంతా ఉంది. మెదడుకి చాలాసేపు ప్రాణవాయువు అందలేదన్నారు.

ఆ రాత్రి ఫోన్ లైన్లు కలవలేదు.

5 ఫిబ్రవరి, మంగళవారం

లైన్లు కలవలేదు. రెండో నంబరు జనరేటర్ మొరాయించింది, నేను దాని దగ్గరే ఉన్నాను. అయినా లైన్లు కలవలేదు.

9 ఫిబ్రవరి, శనివారం

స్వర్ణ క్యారియర్ తెచ్చింది. పప్పుచారు, దొండకాయ వేపుడు. నా ఎదురుగా కూర్చుని కళ్ళొత్తుకుంటూ, "ఆ రాత్రి మా ఆయన సైటు నించి రెండుసార్లు ఫోన్ చేశారన్నయ్యా. మీ ఫోన్ మోగితే మాకు వినపడేది కదా అనుకున్నాం" అంది.

ఆమెకి ఏం తెలుసు. ఒక్కో ఎక్స్చేంజి ఒక్కోలా ఉంటుంది.

11 ఫిబ్రవరి, సోమవారం

నెల్లూరుకి ఫోన్ చేశాను. ప్రసూన అక్క ఇంద్రజ వదిన ఎత్తింది. ప్రసూనకి జ్వరం, గొంతు బొంగురుపోయింది, మాట్లాడలేదు అని చెప్పాను. "దగ్గితే చాలు పద్మనాభం, దాని దగ్గన్నా వినిపించు" అంది. లైను సరిగా లేదని పెట్టేశాను.

18 ఫిబ్రవరి, సోమవారం

ఊపిరి తనంతట తను తీసుకుంటోంది. గొంతుకి చిన్న కంత చేసి గొట్టం పెట్టారు. ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. కళ్ళు తెరుస్తుంది. చూపు మాత్రం నా మీద నిలవదు, నన్ను దాటి గోడ మీదికి పోతుంది.

మెదడు డాక్టరు అబ్దుల్ ఘనీగారిది హైదరాబాదు. వరంగల్లులో చదివాడట, తెలుగు బాగానే వచ్చు. "దేఖియే పద్మనాభం సాబ్, కళ్ళు తెరవడం వేరు, మేలుకోవడం వేరు. నేను మీకు ఆశ పెట్టను" అన్నాడు. ఆశ పెట్టమని నేనడగలేదు. మనిషి మర్యాదగా ఉంటాడు గానీ మాటలు రంపంలా ఉంటాయి.

20 ఫిబ్రవరి, బుధవారం

ఆమె కుడి చెయ్యి కదిలింది. ఉంగరపు వేలు.

చూపుడు వేలు కాదు, మధ్య వేలు కాదు. ఉంగరపు వేలు ముందు కదిలి, దాని వెంట మిగతావి రెండు. మళ్ళీ అలాగే. మళ్ళీ అలాగే. నేను మంచం పట్టుకుని నిలబడిపోయాను. వీణ వాయించేవాళ్ళెవరూ ఆ వేలు వాడరు. ఈ లోకంలో ఒక్క బాణీకి తప్ప ఆమె ఆ వేలు వాడలేదు. ఆ బాణీ నేర్చుకున్నట్టు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ప్రసూన లోపల ఉంది. కోటలో ఉంది.

21 ఫిబ్రవరి, గురువారం

వాక్‌మన్, క్యాసెట్ తీసుకెళ్ళాను. వార్డులో తుడిచే మొండయ్యది కరీంనగర్ వైపు ఊరు. తెలుగు వినపడి దగ్గరికొచ్చి మంచి చెడ్డా అడుగుతుంటాడు. పగలు నేను కింద డ్యూటీలో ఉన్నప్పుడు క్యాసెట్ తిప్పిపెట్టమని అతనికి అప్పగించాను. ఏ బొత్తాం నొక్కాలో చూపించాను.

"గిదేం పాట సార్, దేవుని పాటనా?"

"కోట పాట" అన్నాను.

"గట్లనా. అమ్మకు ఇష్టమైతె దినాం పెడ్త" అన్నాడు.

23 ఫిబ్రవరి, శనివారం

పాట పెట్టగానే వేలు కదులుతోంది. మొండయ్య కూడా చూశాడు. "గిట్ల చెవులకు పెట్టిన్నో లేదో, అమ్మ ఏలు ఆడిచ్చింది సార్. నా కండ్లతోని సూసిన" అన్నాడు. అతనికి పది రియాళ్ళు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

28 ఫిబ్రవరి, గురువారం

యుద్ధం అయిపోయింది. ఊళ్ళో కార్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. కిటికీల ప్లాస్టిక్ పీకి వీధిలో పారేస్తున్నారు. గోధుమరంగు టేపు ముక్కలు రోడ్డు పొడుగునా అంటుకుని ఉన్నాయి. మా పడకగదికి తాళం వేశాను, నేను హాల్లో పడుకుంటున్నాను.

6 మార్చి, బుధవారం

ఘనీగారితో గొడవైంది.

"సాబ్, అది పాట కాదు. మెదడు దెబ్బతిన్నవాళ్ళకి వచ్చే జర్కులు. రోజంతా ఆడుతుంది, నిద్రలోనూ ఆడుతుంది. ఒళ్ళు కాలుతోంది చూశారా, ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఆమె ఒంట్లో ఉన్న కాస్త శక్తీ దానికే పోతోంది. మందు ఉంది. ఇస్తే ఆగుతుంది. మీరు ఊ అనండి."

వేలు ఆపేస్తారా అని అడిగాను. అవునన్నాడు.

"నా భార్య నాతో మాట్లాడే ఒక్క మాటా అదే. దాన్ని నొక్కేస్తారా?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నేను వీణ గురించి చెప్పాను, మూడు వేళ్ళ గురించి చెప్పాను, కోట గురించి చెప్పాను. కోట అనగానే ఆయన ముఖం మారింది. "అందలూస్" అన్నాడు మెల్లగా. అరబ్బులు ఏలిన నాటి స్పెయిన్ పేరట అది. "మా తాత కథలు చెప్పేవాడు సాబ్. మనవాళ్ళు కట్టింది, మనవాళ్ళు పోగొట్టుకుంది." తర్వాత రంజాన్ రెండో వారం దాకా ఆగుతానన్నాడు. ఆలోగా పాటకీ వేలికీ సంబంధం ఉందని నేను చూపించాలి. చూపించలేకపోతే మందు. చూపిస్తే మందు ఇవ్వడు, వ్యాయామం చేయించే వార్డుకి మారుస్తాడు, అక్కడ మనుషుల్ని తిరిగి లేపుతారు.

ఇంతకంటే సులువైన పరీక్ష నాకెవరూ పెట్టలేదు.

10 మార్చి, ఆదివారం

క్యాసెట్ మొదలైన దగ్గర్నుంచి గడియారం చూస్తూ కూర్చున్నాను. మలుపు దగ్గర, ఆమె దారి తప్పుతుంది అన్నచోట, వేలు వేగం పెరిగింది. నొసలు ముడిపడింది. కష్టమైన సంగతి వచ్చినప్పుడు ప్రసూన నొసలు అలాగే ముడేస్తుంది. ఆ ముడి చూసి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

చెవి దగ్గర వంగి, "ఇంకాస్త, ఇంకాస్తే" అన్నాను.

13 మార్చి, బుధవారం

జ్వరం నూట రెండు. ఇక్కడ వేసవి ముందే వచ్చేసింది, కువైట్‌లో కాలుతున్న చమురు బావుల పొగ కూడా కలిసింది. అందరికీ ఏదో ఒకటి ఉంది.

17 మార్చి, ఆదివారం

రంజాన్ మొదలైంది. నా షిఫ్టు మారింది, మధ్యాహ్నం దాకా ఖాళీ లేదు. మొండయ్యకి కొత్త బ్యాటరీలు ఇచ్చాను. గదిలో వెనక్కి తిరిగి దొంగచాటుగా నీళ్ళు తాగుతూ, "మీరేం రంధి పెట్టుకోకున్రి సార్, అమ్మను నేను సూస్కుంట" అన్నాడు.

వదినకి ఫోన్ చేశాను. నిజం చెప్పాను, సగం. "తీసుకొచ్చెయ్" అంది. అక్కడికి స్ట్రెచర్ మీద, రెండు విమానాలు మారి. దారిలోనే పోతుందని ఘనీగారు ముందే చెప్పాడు. ఇక్కడే లేస్తుంది, ఇక్కడినుంచి నడిచి వస్తుంది వదినా అన్నాను. వేలి సంగతి చెప్పాను.  ఆవిడ, "అది చిన్నప్పుడు జ్వరంలో కూడా పరుపు మీద వేళ్ళాడించేది" అంది. చూశావా.

24 మార్చి, ఆదివారం

ఇంత బాగా ఎప్పుడూ లేదు. క్యాసెట్ పెట్టినప్పటినుంచీ చూశాను, నా గడియారం ప్రకారం సరిగ్గా మలుపు దగ్గర చెయ్యి మొత్తం లేచింది. ఇప్పుడు ఉంగరపు వేలు ఒక్కటే కాదు, భుజం దాకా కదులుతోంది. నేను వాక్‌మన్ ముట్టుకోలేదు, అన్నీ మొండయ్యే పెట్టి ఉంచాడు. కాబట్టి నా పొరపాటు ఏదీ లేదు. కొలత పక్కాగా ఉంది.

25 మార్చి, సోమవారం

ఈరోజు కూడా అలాగే. మలుపు దగ్గరే.

ఊపిరి ఆగి ఆగి వస్తోందని నర్సు చీటీ మీద రాసింది. వాయించేటప్పుడు ఊపిరి బిగబట్టడం ఆమెకి అలవాటు.

26 మార్చి, మంగళవారం

రేపు సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఘనీగారు వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నాను. చూపించవలసింది నేను కాదు, ఆమె. అయినా తీసి పెట్టుకున్నాను.

27 మార్చి, బుధవారం

ఘనీగారు వచ్చాడు. ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మంచానికి అటు ఆయన, ఇటు నేను. మొండయ్య గుమ్మం దగ్గర తుడిచే కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఉండవయ్యా, నువ్వూ చూశావు కదా, సాక్ష్యం చెబుదువుగానీ అన్నాను. అతను తల వంచుకున్నాడు. సిగ్గనుకున్నాను.

ఇయర్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టే ఉన్నాయి. బొత్తాం నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. వేలు మొదలుపెట్టింది. ఉంగరపు వేలు, మధ్య వేలు, చూపుడు వేలు. నేను గడియారం చూస్తూ, ఇప్పుడు మొదటి భాగం, ఇప్పుడు నీళ్ళ ధార, ఇంకాసేపట్లో మలుపు అని చెబుతూ వచ్చాను. మలుపు దగ్గర చెయ్యి లేచింది. నొసలు ముడిపడింది. ఘనీగారి ముఖంలోకి చూశాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను గెలిచాననుకున్నాను.

"మాషా అల్లా. ఒకసారి నేనూ వింటాను సాబ్, ఆ కోట ఎట్లా ఉంటుందో" అన్నాడు. ఆమె చెవుల నుంచి జాగ్రత్తగా తీసి తన చెవులకి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచాడు. వాక్‌మన్ వైపు చూశాడు. శబ్దం పెంచాడు. మళ్ళీ నా వైపు చూసి, తీసి నా చేతికిచ్చాడు.

పెట్టుకున్నాను. ఏమీ లేదు. చక్రం తిరుగుతున్న చిన్న గరగర తప్ప ఏమీ లేదు. మూత తెరిచి క్యాసెట్ బయటికి తీశాను. ఒక చక్రానికి టేపు అంతా చుట్టుకుని ఉంది, రెండోది బోసిగా ఉంది. మధ్యలో కత్తెరతో కోసిన అంచు.

"శనివారం నాడే తెగింది సార్" అన్నాడు మొండయ్య గుమ్మం దగ్గర్నుంచి. "రీలు మిషన్ల సుట్టుకపోయింది. గుంజితె రాలె, కోసి తీసిన. మీకు చెప్తె మనసుకు పట్టిచ్చుకుంటరని చెప్పలె. ఏలైతె ఆడుతనే ఉండె గద సార్. గందుకని చెవులకు అట్లనే ఉంచిన."

శనివారం. ఆదివారం రాశాను, ఇంత బాగా ఎప్పుడూ లేదని.

చెవులకి ఏమీ లేదు. ఆమె వేలు కదులుతూనే ఉంది, అదే వరసలో.

28 మార్చి, గురువారం

రాత్రంతా ఆలోచించాను. ఆమెకి టేపు అక్కర్లేదు. అయిదు నెలలు సాధన చేసింది, కంఠతా వచ్చేసింది. టేపు లేకపోయినా తనంతట తను వాయించుకుంటోంది. ఇది ఇంకా గొప్ప సంగతి. ఇంత తేలిక విషయం నిన్న నాకు తట్టలేదు.

ఘనీగారికి వెళ్ళి చెప్పాను. ఆయన విన్నాడు. పూర్తిగా విన్నాడు, మధ్యలో అడ్డు రాలేదు. తర్వాత లేచి నన్ను వార్డుకి తీసుకెళ్ళి, ఆమె ఎడమ చేతి మీద కప్పిన దుప్పటి తొలగించాడు. సెలైన్ సూది ఉందని ఆ చెయ్యి ఎప్పుడూ దుప్పటి కిందే ఉంటుంది. నేను ఎప్పుడూ చూడలేదు. అదీ కదులుతోంది. కాలి వేళ్ళూ కదులుతున్నాయి.

"సాబ్, మీరు జనరేటర్ ఇంజనీరు. ఆపేశాక కూడా చక్రం కొంతసేపు తిరుగుతుంది కదా. తిరుగుతోంది కాబట్టి కరెంటు వస్తోందని మీరు అంటారా?"

నేను దుప్పటి మళ్ళీ కప్పాను.

30 మార్చి, శనివారం

స్వర్ణ వచ్చింది. వేలి సంగతి ఆమెకి ఎవరు చెప్పారో. "అన్నయ్యా, అక్కని ఇట్లా పట్టి ఉంచకండి" అంది. నేను పట్టి ఉంచానా? అందరూ నామీదే పడతారేం.

ఆ రాత్రి నేను ఫోన్ చేయలేదు. జనరేటర్ మొరాయించింది, బాగైంది, తర్వాత టీ తాగాను, కుర్చీలో కన్ను మూతపడింది. ఫోన్ నా బల్ల మీదే ఉంది. ఇది ఎక్కడో ఒకచోట రాయాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1 ఏప్రిల్, సోమవారం

సంతకం పెట్టాను. ఘనీగారు కాగితం నా ముందుకు తోసి, ఇఫ్తార్‌కి తెచ్చుకున్న ఖర్జూరాల పొట్లం కూడా తోశాడు. ఒకటి తీసుకున్నాను. మందు ఈ సాయంత్రం నుంచే. ఆమె ఎక్కువ రోజులు ఉండదు సాబ్, కానీ ఉన్నన్నాళ్ళు కష్టపడదు అన్నాడు.

సంతకం పెట్టాక వార్డుకి వెళ్ళి, మందు ఎక్కేదాకా ఆ వేలు చూస్తూ కూర్చున్నాను. ఆఖరిసారి కదా అని. అది వాయించడం కాదని తెలుసు. తెలిసినా మలుపు కోసం గడియారం చూశాను.

4 ఏప్రిల్, గురువారం

మధ్యాహ్నం షిఫ్టు దిగి వెళ్ళేసరికి చెయ్యి పరుపు మీద ఆగి ఉంది. నిన్న, మొన్న తగ్గుతూ వచ్చింది, ఈరోజు పూర్తిగా ఆగింది. చేతిలోకి తీసుకున్నాను. మెత్తగా ఉంది. ఇన్నాళ్ళూ బిగుసుకుపోయి నా చేతిలో కొట్టుకున్న చెయ్యి ఇదేనా అనిపించింది. జ్వరం దిగింది. ఊపిరి ఒక తీరున వస్తోంది, ఆగడం లేదు.

తర్వాత ముఖం చూశాను. నొసటి మీద ముడి లేదు. ఎన్ని వారాలుగానో చూస్తున్న ముడి, అది లేకపోయేసరికి ముఖం కొత్తగా ఉంది. పడుకున్న ప్రసూన ముఖం ఇదే. దీన్ని నేను మర్చిపోయాను.

ఆ ముడి శ్రద్ధ అనుకున్నాను. కష్టమైన చోటు వాయిస్తోందని మురిసిపోయి, చెవిలో ఇంకాస్త, ఇంకాస్త అని చెప్పాను. అది నొప్పి అయి ఉంటుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఘనీగారు మార్చి మొదట్లోనే ఆపుతానన్నాడు. వద్దన్నది నేను.

మొండయ్య బకెట్ పక్కన పెట్టి వచ్చి చూశాడు. "అమ్మ ఇయ్యాల మంచిగ పండుకుంది సార్" అన్నాడు.

అవునన్నాను.